ఏలూరు రోడ్డులో కొన్న లావు పుస్తకం

1988 డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం గుంటూరులో ప్యాసింజరు ఎక్కి, నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ దాటి బెజవాడలో దిగి, ఏలూరు రోడ్డులోని ఒక పాత పుస్తకాల కొట్టులో 18 రూపాయలకు ఒక లావు పుస్తకం కొన్నాను. అప్పటికి నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫ్రెంచి తాత్వికుడు సార్త్ర 1943లో ప్రచురించిన 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్'కు అది ఇంగ్లీషు అనువాదం. దాని అట్ట చిరిగిపోతే ఎవరో గోధుమరంగు కాగితం అతికించి, దాని మీద నల్ల సిరాతో ఒక నంబరు వేశారు. కొట్టాయన ముందు 30 అన్నాడు. నేను పుస్తకం కింద పెట్టి నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచాడు. తిరుగు టిక్కెట్టుకు పోను ఒక కాఫీకి సరిపడా చిల్లర మిగిలింది. ఆ కాఫీ కూడా తాగకుండా స్టేషన్‌కు నడిచాను, ఎందుకంటే రైలు వచ్చేలోగా మొదటి పుట చదవాలన్న ఆత్రం నన్ను ఎక్కడా నిలవనివ్వలేదు.

ఆ పుస్తకమే ఎందుకు అన్నదానికి కారణం ఒక తెలుగు నవల. అంతకు ముందు వేసవిలో బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చదివాను. దయానిధి అనే ఆ మనిషి నాకు అర్థమయ్యీ కానట్టు ఉండి, చాలా రోజులు నాతోనే తిరిగాడు. ఆ నవల గురించి రాసినవాళ్లు, గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' గురించి రాసినవాళ్లు తరచుగా ఒక మాట వాడేవారు: అస్తిత్వవాదం. ఆ మాట వాడినవాళ్లెవరూ దాని అర్థం చెప్పేవారు కారు, అందరికీ తెలిసిన విషయమన్నట్టు దాటిపోయేవారు. నాకు తెలియదు కాబట్టి తెలుసుకోవాలనుకున్నాను. దాని మూలగ్రంథం ఏదని విచారిస్తే ఈ పేరు చెప్పారు. మూలం దొరికితే మిగిలినదంతా దొరికినట్టేనని ఆ వయసులో గట్టిగా నమ్మాను.

మా ఇల్లు బ్రాడీపేటలో ఉండేది. గుంటూరులో పెరిగినవాళ్లకు 'నాలుగు బై ఏడు' అంటే చాలు, లైనూ అడ్డరోడ్డూ తెలిసిపోతాయి. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న పోయారు. అమ్మ ఒక స్కూల్లో కుట్టు టీచరుగా చేస్తూ, సాయంత్రాలు ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేది. ముందు గదిలో మిషను చప్పుడు, వెనక వరండాలో మడత మంచం మీద నేను, నా ఒళ్లో సార్త్ర, పక్కన శంకరనారాయణ నిఘంటువు. ఉపోద్ఘాతం మొదటి పుటలోనే ఆగిపోయాను. ఒక్కొక్క మాటకూ నిఘంటువులో అర్థం దొరికేది గానీ, దొరికిన అర్థాలన్నీ కలిపి చదివితే వాక్యానికి అర్థం ఉండేది కాదు. నెల రోజులు కుస్తీ పట్టి ఇరవై పుటలు చదివాననిపించుకున్నాను. ఆ ఉపోద్ఘాతం జర్మన్ తాత్వికులు హుస్సెర్ల్‌తోనూ హైడెగ్గర్‌తోనూ వాదిస్తున్నదనీ, వాళ్లు ఏమన్నారో తెలియనివాడికి అది సగం సంభాషణ మాత్రమేననీ నాకు చెప్పేవాళ్లు లేరు. తప్పు నా బుద్ధిలోనే ఉందనుకుని, పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి బాధపడ్డాను.

ఆ బాధను విన్నవారు అరండల్‌పేటలో ఉండే ఒక ఇంగ్లీషు మాస్టారు. అప్పటికే పదవీ విరమణ చేశారు. సాయంత్రం పూట ఆయన అరుగు మీద ఎవరో ఒకరు ఉండేవారు. నేను నా కథ చెప్పుకుంటే ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్లి వాల్టర్ కాఫ్‌మన్ సంకలనం ఒకటి, దాదాపు విడిపోతున్న ప్రతి, తెచ్చి చేతిలో పెట్టారు. దస్తయేవ్‌స్కీతో మొదలై కియర్కెగార్డ్, నీషే, కాఫ్కా, సార్త్ర, కామూల దాకా ఎంపిక చేసిన రచనలున్న పుస్తకం అది. 1956లో మొదట వచ్చింది. "ఏమోయ్, నువ్వు గోపురం ఎక్కి గుళ్లోకి దిగుదామనుకున్నావు. ద్వారం ఇక్కడుంది. ముందు ఈ ఉపన్యాసం చదువు, అర్థం కాకపోతే నాదీ పూచీ," అన్నారు.

ఆయన చూపించిన ఉపన్యాసం, సార్త్ర 1945 అక్టోబరు 29న పారిస్‌లో ఇచ్చినది. యుద్ధం ముగిసి కొన్ని నెలలే అయింది. జనం కిక్కిరిసిపోయారట. అస్తిత్వవాదం అంటే నిరాశను బోధించే సిద్ధాంతమని ఒకవైపు కమ్యూనిస్టులూ మరొకవైపు క్రైస్తవులూ చేస్తున్న విమర్శకు అది జవాబు. దానిలో మొదట వచ్చే ఉదాహరణ కాగితాలు కోసే కత్తి. కత్తిని తయారు చేసేవాడికి అది దేనికి పనికివస్తుందో ముందే తెలుసు, అంటే దాని స్వభావం ముందు, అది ఉండటం తరువాత. మనిషి విషయంలో అలా ముందే నిర్ణయించి పంపినవాడు లేడు కాబట్టి మనిషి ముందు ఉంటాడు, తరువాత తన పనుల ద్వారా తానేమిటో అవుతాడు. ఉనికి ముందు, సారం తరువాత. నేను ఆ రోజు దాన్ని మా ఇంట్లోని వస్తువులతో సరిచూసుకున్నాను. అమ్మ కత్తెర దేనికో ముందే తెలిసి చేసింది. అమ్మ మాత్రం అలా కాదు. ఈ చిన్న తేడా గ్రహించడానికి ట్రంకుపెట్టెలోని లావు పుస్తకంతో నెల రోజులు పెనుగులాడాను.

కానీ నన్ను పట్టుకున్నది కత్తి కాదు, ఆ తరువాత వచ్చే కుర్రవాడు. యుద్ధకాలంలో సార్త్ర దగ్గరికి ఒక విద్యార్థి సలహా కోసం వచ్చాడు. అతని అన్న 1940లో జర్మన్ల దాడిలో చనిపోయాడు. తండ్రి శత్రువుతో చేతులు కలిపే ధోరణిలో ఉన్నాడు. తల్లికి ఇక మిగిలింది ఈ కొడుకు ఒక్కడే. ఇంగ్లండు వెళ్లి స్వేచ్ఛా ఫ్రెంచి సేనల్లో చేరి అన్న చావుకు బదులు తీర్చుకోవాలా, తల్లి దగ్గర ఉండిపోవాలా? తల్లి కోసం చేసే పని ఫలితం కళ్లెదుట కనిపిస్తుంది, అయితే అది ఒక్క మనిషికే. దేశం కోసం చేసే పని వేలమందికి, కానీ అది దారిలోనే ఇసుకలో నీళ్లలా ఇంకిపోవచ్చు. ఏ నీతిశాస్త్రమూ ఇది చెయ్యి అని చెప్పలేదు. సలహా అడగడానికి ఎవరి దగ్గరికి వెళ్లామన్నది కూడా ఒక ఎంపికే, ఎందుకంటే వాళ్లు ఏం చెబుతారో మనకు ముందే కొంత తెలుసు. సార్త్ర అతనికి ఇచ్చిన జవాబు ఒక్కటే: నువ్వు స్వేచ్ఛాపరుడివి, నువ్వే ఎంచుకో. ఆ పుటలు చదివినప్పుడు ముందు గదిలో మిషను తిరుగుతూనే ఉంది. నేను లేచి వెళ్లి అమ్మను చూసి వచ్చాను, ఎందుకు వచ్చావని అడిగితే మంచినీళ్ల కోసం అన్నాను.

మాస్టారు ఒక హెచ్చరిక కూడా చేశారు, అది ఇప్పటికీ కొత్తగా చదివేవాళ్లకు చెబుతుంటాను. ఈ ఉపన్యాసం తేలిగ్గా ఉండటానికి సార్త్ర కొంత మూల్యం చెల్లించాడు. అచ్చు వేయించినందుకు తరువాత చింతించాడు కూడా. హైడెగ్గర్ దీన్ని ఒప్పుకోకుండా ఒక పెద్ద ఉత్తరమే రాశాడు. అందువల్ల ఇది ద్వారమే గానీ ఇల్లు కాదు.

బెజవాడ వైపు మనుషులకు దేవుడు లేడన్న మాట కొత్తది కాదు. గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో పటమటకు మార్చిన నాస్తిక కేంద్రం ఎందరి ఆలోచనల్లోనో ఉండేది. అక్కడి నాస్తికత్వం ఉత్సాహంగా, కులం పోగొట్టడానికీ సహపంక్తి భోజనాలకూ నడుం కట్టినదిగా ఉండేది. దేవుణ్ణి నమ్మకపోతే మనిషి తన కాళ్ల మీద నిలబడతాడన్నది గోరా ధీమా. సార్త్రలోనూ అదే నమ్మకం ఉంది గానీ, దానికి ముందు ఒక దిగులు ఉంది. దేవుడు లేకపోతే మంచిచెడ్డలను రాసిపెట్టినవాడు కూడా లేడు కదా, ఇక ఎవరి మీద ఆనుకోవాలి అన్నది ఆ దిగులు. దేవుడు ఉన్నాడని తేలినా తన వాదంలో ఏమీ మారదని కూడా అంటాడాయన. ఈ రెంటికీ మధ్య తేడా నాకు 1990 మే నెలలో బాగా తెలిసింది. మచిలీపట్నం దగ్గర తీరం దాటిన తుఫాను తరువాత మా వీధిలో కరెంటు లేదు. లాంతరు వెలుగులో, మాస్టారు ఇచ్చిన, జర్మన్ తాత్వికుడు నీషే రాసిన పుస్తకంలో 125వ ఖండిక చదివాను. పట్టపగలు లాంతరు వెలిగించుకుని సంతలోకి పరుగెత్తి దేవుణ్ణి వెతుకుతున్న పిచ్చివాడి కథ అది. అతన్ని చూసి నవ్వినవాళ్లు భక్తులు కారు, దేవుణ్ణి నమ్మనివాళ్లు. 'మనమే ఆయన్ను చంపేశాం, ఆ పని ఎంత పెద్దదో మీకింకా తెలియలేదు' అని అతను చెబుతున్నది వాళ్లకే. అంతకు ముందు రెండుసార్లు ఆ ఖండిక చదివి కూడా ఎవరు నవ్వారో నేను గమనించలేదు.

కామూ నవల 'ద అవుట్‌సైడర్' ఆ నడివేసవిలోనే చదివాను. 1942లో వచ్చిన చిన్న పుస్తకం, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. తనను అస్తిత్వవాది అనడాన్ని కామూ ఒప్పుకోలేదు, అది గుర్తు పెట్టుకుని చదవడం మంచిది. తల్లి చనిపోయిందని తెలిసి, అది ఈ రోజో నిన్నో సరిగా తెలియదంటూ కథ మొదలుపెట్టే కొడుకును నేను మొదట అసహ్యించుకున్నాను. హత్య ఎందుకు చేశావని కోర్టులో అడిగితే ఎండ వల్ల అంటాడు. ఎక్కడివాళ్లకో అది తర్కం లేని మాటలా తోచవచ్చు గానీ, రోహిణి కార్తెలో పన్నెండు గంటలకు లాడ్జి సెంటరు నుంచి ఇంటికి నడిచి వచ్చిన గుంటూరు మనిషికి ఆ ఎండ తల మీద దరువు వేయడం తెలుసు. అల్జీర్సు ఎండ నాకు ఆ నవలలోని అన్నిటికంటే త్వరగా అర్థమైంది. ఆ మనిషి చేసిన నేరం కంటే, తల్లి అంత్యక్రియల్లో ఏడవలేదన్న సంగతే అతని తల తీయించిందని తెలియడానికి రెండోసారి చదవవలసి వచ్చింది.

అదే జూన్‌లో డిగ్రీ పూర్తయింది. హైదరాబాదులో ఎం.ఏ. సీటు వచ్చింది. అదే వారంలో ఊళ్లోనే ఒక సహకార సంస్థలో గుమాస్తా ఉద్యోగం కూడా వచ్చింది. సార్త్ర కుర్రవాడి కథ నాకు కంఠతా వచ్చు. అయినా నా కథ వచ్చేసరికి, కంఠతా వచ్చినదేదీ పనికి రాలేదు. మాస్టారి అరుగు దాకా వెళ్లి, ఆయన వెళ్లమంటారని తెలిసి, అడగకుండానే తిరిగి వచ్చాను. చివరికి రాత్రి అన్నాలప్పుడు అమ్మనే అడిగాను.

అమ్మకు భగవద్గీత వచ్చు. మా తాతగారు చిన్నప్పుడు నేర్పారు, ఏకాదశి నాడు పారాయణ చేసేది. మజ్జిగ పోస్తూ అంది: "పద్దెనిమిది అధ్యాయాలు చెప్పినాయన చివరికి ఏమన్నాడు నాన్నా? 'విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు' అన్నాడు. అంతా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అన్నాడు. ఆయనంతటాయనే చెప్పనిది నేను చెబుతానా?"

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. పారిస్‌లో ఒకాయన చెప్పిన జవాబే మా వంటింట్లో సంస్కృతంలో వినిపించిందన్న సంబరం ఒక పక్క, ఎక్కడికి వెళ్లినా బరువు తిరిగి నా మీదికే వస్తోందన్న భయం మరొక పక్క. కొన్ని రోజుల తరువాత గీత తీసి చూశాను. అది 63వ శ్లోకం. మూడు శ్లోకాలు దాటగానే, 66వ దానిలో, అన్ని ధర్మాలనూ విడిచి నన్నొక్కణ్ణే శరణు వేడమని ఉంది. అమ్మను అడిగితే, "అది ఆయన అర్జునుడికి చెప్పుకున్నది. నీకు చెప్పవలసింది అంతవరకే," అంది. ఈ రెండు గ్రంథాలూ ఒకటేనని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను, ఆ మూడు శ్లోకాల దూరం చిన్నది కాదు. అయినా ఎక్కడ ఆగాలో అమ్మ తానుగా ఎంచుకుందన్న సంగతి మాత్రం మరిచిపోలేను.

నేను ఉండిపోయాను. ఉద్యోగంలో చేరాను. ఎవరైనా అడిగితే, "అమ్మ ఒక్కతే ఉంటుంది కదండీ," అనేవాణ్ణి. పదేళ్లకు పైగా ఆ మాట అన్నాను. బంధువులు మెచ్చుకునేవారు. ఆ మెప్పుకు నేను బాగా అలవాటుపడ్డాను.

2001లో అనుకుంటాను, ట్రంకుపెట్టెలోని లావు పుస్తకం మళ్లీ బయటికి తీశాను. ఈసారి ఉపోద్ఘాతం వదిలేసి, ఆత్మవంచన గురించిన అధ్యాయం దగ్గర మొదలుపెట్టాను. ఇంగ్లీషులో దాన్ని 'బ్యాడ్ ఫెయిత్' అన్నారు. తెలుగులో ఆత్మవంచన అనే మాటే దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ మోసం చేసేవాడూ మోసపోయేవాడూ ఒక్కడే. ఆ అధ్యాయంలో కాఫీ హోటల్ సర్వరు ఉదాహరణ ఉంది. అతని కదలికలు అవసరాన్ని మించి చురుకుగా, అవసరాన్ని మించి కచ్చితంగా ఉంటాయి. అతను సర్వరు పాత్రను ఆడుతున్నాడు, తాను సర్వరు తప్ప మరేమీ కానన్నట్టు. ఈ ఉదాహరణతో నాకు పేచీ ఉంది. మా శంకర్‌విలాస్ సెంటరు వైపు టిఫిన్ హోటళ్లలో ఇడ్లీ, వడ, పూరీ, పెసరట్టు, ఉప్మా అని ఒక్క గుక్కలో అప్పజెప్పే మనిషి తనను తాను మోసం చేసుకుంటున్నాడని నేననుకోను. తెల్లవారుజాము నుంచి నిలబడ్డ మనిషికి ఆ వేగం ఒక ఆధారం. బల్ల దగ్గర కూర్చున్నవాడికి తోచే ఉదాహరణ అది. కానీ ఆ అధ్యాయం చెప్పే అసలు విషయం నన్ను వదలలేదు. మనిషి తన ఎంపికను ఒక వస్తువులా, ఒక పరిస్థితిలా మార్చి, దాని వెనక దాక్కుంటాడు. 'అమ్మ ఒక్కతే ఉంటుంది' అన్న నా వాక్యం నిజమే. అది కారణమన్నది మాత్రం పూర్తి నిజం కాదు. హైదరాబాదులో పెద్ద చదువుల వాళ్ల మధ్య నేను తేలనేమోనన్న భయం ఉంది, నెల జీతం మీద ఆశ ఉంది, ఈ వీధులంటే ఇష్టం ఉంది. అన్నిటినీ కలిపి ఎంచుకున్నవాణ్ణి నేను. పేరు మాత్రం అమ్మది పెట్టాను.

ఆ సంగతి అమ్మతో అన్నాను. తను కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నేను ఉండమన్నానా? ఊళ్లోవాళ్లు నా మొహం చూసి, 'నీ కోసం వాడి చదువు పోయింది' అనేవాళ్లు. పదకొండేళ్లు విన్నాను," అంది. అప్పటిదాకా నేను ఆ వైపు నుంచి ఆ మాటను విననే లేదు.

ఆ తరువాతే ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా రచనలు శ్రద్ధగా చదివాను. మొదట్లో ఆమెను సార్త్ర పక్కన నిలబడ్డ మనిషిగా మాత్రమే చూసి దాటిపోవడం నా చదువులో జరిగిన పెద్ద లోపం. 1947లో వచ్చిన చిన్న నీతిగ్రంథంలోనూ, 1949 నాటి 'ద సెకండ్ సెక్స్'లోనూ ఆమె స్వేచ్ఛను పరిస్థితి నుంచి విడదీయదు. ఎంచుకోవడానికి ఏమేం తెరిచి ఉన్నాయన్నది అందరికీ ఒకేలా ఉండదని, కొందరి ముందు తలుపులు పెట్టకుండానే ఎంచుకోమంటారని ఆమె చూపించింది. ముప్పై రెండేళ్లకు భర్త పోతే మిషను ముందు కూర్చున్న మనిషికి హైదరాబాదు సీటు, గుమాస్తా ఉద్యోగం అని రెండు కాగితాలు ఏనాడూ రాలేదు. నాకు వచ్చాయి. అవి రావడానికి ఎన్ని వేల జాకెట్లు పట్టాయో లెక్క లేదు.

అమ్మకు ఆ కుర్రవాడి కథ చెప్పాలనిపించింది. ఒక వేసవి సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, నవారు మంచం వాల్చి, ఉపన్యాసంలోని ఆ నాలుగు పుటలూ తెలుగులో చెప్పాను. తను మధ్యలో ఒక్క మాటా అడగకుండా విన్నది. అయిపోయాక, "చివరికి ఆ పిల్లవాడు ఏం చేశాడు?" అంది. రచయిత చెప్పలేదన్నాను. కాసేపు ఊరుకుంది. అటుపక్క రైలు గేటు దగ్గర గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు ఆగిన తరువాత, "ఆ తల్లిని ఎవరైనా అడిగారా?" అంది.

కిందికి దిగి, దీపం వేసి, కాఫ్‌మన్ సంకలనం తీసి వెతికాను. ఆమె దుఃఖం గురించి ఉంది, భర్త ప్రవర్తనకు పడ్డ బాధ ఉంది, పెద్దకొడుకు చావు ఉంది, చిన్నకొడుకు తప్ప ఓదార్పు లేకపోవడం ఉంది. ఆమె అన్న మాట ఒక్కటి కూడా లేదు. పైకి వెళ్లి అదే చెప్పాను. అమ్మ దిండు సర్దుకుని, అటువైపు తిరిగి పడుకుంటూ, "రేపు ఇంకోసారి చెప్పు, నిదానంగా," అంది.